నిలబడ్డ పాక

పక్కింటి అత్త ఫోనులో చెప్పిందట. ఆవిడకి పాలవాడు చెప్పాడట, వాడికెవరు చెప్పారో వాడికే గుర్తులేదట. తుఫానుకి కూలిన గొడ్లపాకకి సర్కారు సాయం రావాలంటే, అధికారి వచ్చేసరికి అది కూలినట్టే ఉండాలట. నిలబడి కనిపించిందా, పైసా రాదట.

తుఫాను నాటి నుంచి పక్క ఊళ్లో కూతురింట తలదాచుకున్న రైతు, భార్య నోట ఈ మాట విని, అధికారి వచ్చే రోజు పొద్దున్నే ఆవిడతో ఇంటికి బయలుదేరాడు. దారిలోనే అంతా ఖాయం చేసుకున్నాడు. గడ్డం గీసుకోకూడదు. కూలిన పాక పక్కన గేదెను కట్టేసి, దానికన్నా దిగులుగా నిలబడాలి. దిగులుకి నటన అక్కర్లేదు. పైరంతా నీళ్లపాలైంది, ఆ సాయం అందకపోతే ఈ ఏడు విత్తనాలు కొనే దారి లేదు.

పెరటి తలుపు తీశాడు. పాక ఠీవిగా నిలబడి ఉంది.

దాని ముందు ఒళ్లంతా రంపప్పొట్టుతో వడ్రంగి బావమరిది నవ్వుతున్నాడు. "ఎలా ఉంది బావా?"

"ఈ కొత్త దూలాలెక్కడివిరా?"

"మా వసారా కోసం దాచినవేలే. మా వసారా ఎక్కడికి పోతుంది? నీ గేదె తడుస్తుంటే నాకు నిద్ర పడుతుందా?"

రైతు కళ్లవెంట నీళ్లు కారాయి. అందులో సగం కృతజ్ఞత, మిగతా సగం విత్తనాలు.

"ఏడుస్తావేంటి బావా, నేనేమన్నా పరాయివాణ్నా?"

"కాదురా. ముందు లోపలికెళ్లి కాస్త ఎంగిలిపడు."

బావమరిది అటు వెళ్లగానే రైతు మనసులో క్షమాపణ చెప్పుకుని, పాక నడిమి నిట్రాడుని భుజంతో తోశాడు. కదల్లేదు. పాడు పనితనం! తాడు తెచ్చి ఒక కొస నిట్రాడుకి, ఇంకో కొస గేదె మెడకి కట్టి అదిలించాడు. గేదె యజమాని తెలివిని అనుమానంగా చూసి, ఒక్క అడుగు వేసింది. పాక కిర్రుమంటూ ఒరిగింది.

"అయ్యయ్యో, పాక మళ్లీ పడిపోతోంది! రండర్రా!" గోడమీంచి పక్కింటి అత్త కేక.

వీధి వీధంతా పరిగెత్తుకొచ్చి తలో గుంజా పట్టుకుంది. "చూస్తావేంటయ్యా, నువ్వూ పట్టు!" అని పాలవాడు కసిరితే రైతు కూడా భుజం ఆనించక తప్పలేదు. ఎంగిలి చేత్తో బావమరిది, ఆ వెనకే అధికారి వచ్చారు.

"కూలిన ఫొటోలు తుఫాను మర్నాడే తీసుకున్నామయ్యా. మొదటి విడత నీ ఖాతాలో పడింది," అన్నాడు అధికారి. "తిరిగి కట్టుకున్నవాళ్లకి రెండో విడత. అది చూడ్డానికే వచ్చా. ఇంతమంది ఒక్కటై నిలబెట్టడం నేనెక్కడా చూళ్లేదు. గేదె కూడా తాడు లాగి పట్టుకుందే! కదలకండి, ఫొటో."

రైతు అత్త వైపు చూశాడు. అత్త పాలవాడి వైపు చూసింది. పాలవాడు గుంజని మరింత గట్టిగా కావలించుకున్నాడు.

అధికారి వెళ్లాక బావమరిది నిట్రాడు సరిచేసి, చీలలు బిగించాడు. రైతు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈ ఏడు పొలంలో మొలిచే ప్రతి మొలకా నీ చలవేరా బామ్మర్దీ. నీకేం కావాలో అడుగు."

బావమరిది నిట్రాడు నుంచి గేదె మెడదాకా వేలాడుతున్న తాడుని తీరిగ్గా చూశాడు.

"నాకేం వద్దు బావా. ఈసారి పడగొట్టాలనిపిస్తే నాకో మాట చెప్పు, మేకులు నేనే ఊడదీసిస్తా."