అత్తగారి బీమా కార్డుకు నేను కాపలా

మీరే చెప్పండి, కుర్చీలోంచి లేవడానికే మూడుసార్లు ఊపిరి పీల్చుకునే ఎనభై రెండేళ్ళ మనిషికి ఫోన్ చేసి మోసం చేయాలని చూసేవాణ్ణి ఏమనాలి? నేనైతే చాలానే అన్నాను. మా ఆవిడ మధ్యలో వచ్చి కిటికీలు మూసింది.

ఆ మనిషి మా అత్తగారు. వచ్చే బుధవారం ఆవిడకు మోకాలి ఆపరేషన్. ఖర్చంతా ఆరోగ్య బీమా కార్డు మీదే. సరిగ్గా ఇప్పుడే రోజుకొక కేటుగాడు, "అమ్మా, మోకాలి పట్టీ ఉచితం, కార్డు నంబరు చెప్పండి" అంటూ తగులుకుంటున్నాడు. నంబరు దొరికితే చాలు, ఆవిడ పేరున దొంగ బిల్లులు పెట్టి బీమా అంతా మింగేస్తారు. బుధవారం ఆస్పత్రికి వెళితే, ఏమీ మిగల్లేదు పొమ్మంటారు. ఒళ్ళు మండదూ?

అందుకని ఆవిడ ఫోనూ కార్డూ నేనే స్వాధీనం చేసుకున్నాను.

"మా అమ్మ ఎవరికీ ఏమీ చెప్పదండీ," అంది మా ఆవిడ.

"నీకు తెలీదు. ముప్పై ఆరేళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను. దొంగవెధవని గొంతు విని పట్టేస్తాను."

"పోయినేడు ఆ చిరుగుల దుప్పట్లు అంటగట్టినవాణ్ణి పట్టలేదేం?"

"వాడు మాట్లాడితేగా! అన్నీ సైగలే."

పదకొండింటికి ఫోన్ మోగింది. తేనె పూసిన గొంతు. "బీమా ఆఫీసు నుంచండీ."

"ఒరేయ్! పెద్దవాళ్ళ ఉసురు పోసుకుంటావురా? నంబరు చెప్పను గాక చెప్పను!"

"మీరు చెప్పక్కర్లేదు సార్, మా దగ్గరే ఉంది. చివర నాలుగు, ఏడు, ఐదు, రెండు... అంతే కదండీ?"

"తప్పు!"

ఏం చేయను, ముప్పై ఆరేళ్ళ అలవాటు. తప్పు చెవిన పడితే నా నోరు ఆగదు. "నాలుగు, ఏడు, రెండు, ఐదు! మొదటి నుంచి చదువు!"

చదివాడు. అన్నీ తప్పులే. ఒక్కొక్కటే దిద్దాను. పుట్టిన తేదీ కూడా తప్పు చెప్పాడు, అదీ దిద్దాను.

"మీలాంటి గురువులుండాలి సార్," అని పెట్టేశాడు.

గర్వంగా తలెత్తేసరికి గుమ్మంలో మా ఆవిడ, చేతిలో తడిబట్టలతో.

"బాగా చెప్పారు పాఠం. వాడికి నూటికి నూరు."

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళ నా చదువునే తాళంచెవి చేసుకుని ఇంట్లోకి దూరాడు, దుర్మార్గుడు!

"మెల్లగా! మీ అమ్మకు చెప్పకు. నేనేదో సర్దుతాను."

"దాస్తే లాభం వాడికే. బుధవారం అమ్మ కాలు కూడా మీరే సర్దుతారా?"



అత్తగారు అంతా విననే విన్నారు. కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, ఫోనూ కార్డూ నా చేతిలోంచి తీసుకుని, కార్డు వెనక అచ్చువేసిన నంబరుకు తనే ఫోన్ చేశారు. ఆఫీసులో అమ్మాయి వెంటనే ఆ కార్డు ఆపేసింది.

"కొత్తది ఇస్తున్నామమ్మా. మీ ఆపరేషన్ ఆగదు. ఇంతకీ నంబరు ఎలా బయటపడింది?"

అత్తగారు నావైపు ఒకసారి చూశారు.

"మా ఇంట్లో ఒక పెద్దాయన ఉన్నారమ్మా. మనిషి మంచివారే. ఫోన్లో ఎవరేం అడిగినా చెప్పేస్తారు."

"అయ్యో, ఆయన్నేమీ అనకండి. తప్పంతా ఆ మోసగాడిదే. కాకపోతే ఫోన్ మాత్రం ఆయనకు అందకుండా పెట్టండమ్మా."

"అలాగే తల్లీ," అంటూ అత్తగారు ఫోన్‌ని తన సంచిలో వేసుకుని జిప్పు లాగారు.