బంతిపూల బకెట్టు

ఆ ఆదివారం ఏ బండి ముఖమూ చూడకూడదని సర్ఫరాజ్ గట్టిగా అనుకున్నాడు. మైదుకూరు చుట్టుపక్కల రాతి గనుల్లోనో రోడ్డు పనుల్లోనో ఎక్స్‌కవేటరు మొరాయించి, అది ఇంజను జబ్బు కాదు, తీగల జబ్బు అని తేలితే అందరూ ఫోను చేసేది అతనికే. ల్యాప్‌టాప్ తగిలించి, మీటరు పెట్టి, బండి లోపలి కంప్యూటరు పెట్టెల్లో ఏది దేనితో మాట్లాడటం మానేసిందో కనిపెట్టడం అతని పని. కానీ ఆ రోజు ప్రొద్దుటూరులో భార్య ముబీనా వాళ్లక్క కొత్తింటి విందు. భోజనాల వేళకు అక్కడ ఉంటామని ఆమెకు మాటిచ్చి, ఇస్త్రీ చొక్కా కూడా తొడుక్కున్నాడు. ముబీనా గాజులు వేసుకుంటుండగా ఫోను మోగింది.

"సర్ఫరాజూ, బండి బిగుసుకపోయిందప్పా. చెయ్యి పైకెత్తి అట్లే నిలబడిపోయిండాది," అన్నాడు ఓబుళేశు.

"యాడ?"

"నాలుగు రోడ్ల కాడ. నడిమధ్యన."

ఓబుళేశుకు ఉన్నది ఒకటే ఎక్స్‌కవేటరు, తోలేదీ తనే. పసుపు వ్యాపారి రాఘవేంద్రప్రసాద్ జిల్లా వర్తకుల సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికై, ఆ పూట కడప నుంచి ఊరేగింపుగా వస్తున్నాడు. ఆయన మీద పూలవాన కురిపిస్తానని ఓబుళేశు ఊరందరి ముందూ గొప్పగా చెప్పుకున్నాడు. మట్టి తోడే బకెట్టును షాంపూ పెట్టి కడిగాడు, పసుపు రాసి బొట్లు పెట్టాడు, బంతిపూల రెక్కలు నిండుగా నింపి ఆకాశానికెత్తాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఇంజను ఆడుతూనే ఉంది గానీ, ఏ మీట లాగినా బండి ఉలకలేదు, పలకలేదు.

"అరగంటలో వచ్చేస్తా," అన్నాడు సర్ఫరాజ్.

ముబీనా వేసుకున్న గాజులు తీసి మంచం మీద పెట్టింది.

సర్ఫరాజ్ వెళ్లేసరికి నాలుగు రోడ్ల కూడలి నిండా జనం. బ్యాండు మేళం వాళ్లు బండి నీడన కూర్చుని టీ తాగుతున్నారు. ఆ పక్కనే పూలమ్ముకునే నాగలక్ష్మమ్మ తన గంప ముందు కూర్చుని ఉంది. బకెట్టుకెత్తిన పూలన్నీ ఆమె దగ్గరివే కాబట్టి, ఆ వాన తన సొంత వ్యవహారమే అన్నట్టు చూస్తోంది. సర్ఫరాజ్ క్యాబిన్‌లోకి ఎక్కాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వెలుగుతున్నాయి. ల్యాప్‌టాప్ తగిలిస్తే ఒక్క పెట్టె కూడా జవాబివ్వలేదు. ఇంజను హోరులో వినపడాలని, కింద నిలబడ్డ ఓబుళేశుకు గొంతెత్తి చెప్పాడు.

"పైనోళ్లకూ కిందోళ్లకూ సంబంధం తెగిపోయిందప్పా. ఈడ చెప్పేది ఆడికి చేరడంల్యా. మధ్యలో ఎవురో దూరినట్టుండాది. ఇట్లే ఉంటే పెద్దదాన్ని పీకేసి కొత్తది పెట్టాల్సి వస్తాది."

అతను చెప్పింది క్యాబిన్‌లోని పెట్టె గురించి, ఇంజను దగ్గరి పెట్టె గురించి. నాగలక్ష్మమ్మకు మాత్రం పెద్దాయన్ని పీకేసి కొత్తాయన్ని పెడతారని వినపడింది. ఆమె గంప సర్దుకుంటూ బ్యాండు మేస్త్రి వైపు వంగింది.

"ఇనపడిందా నాయనా? కడపోళ్లకూ మనోళ్లకూ చెడిందంట. ఊరేగింపు లేదు, పాడూ లేదు."

మేస్త్రి ఆ మాట డప్పులవాడికి చెప్పాడు, డప్పులవాడు హోటలతనికి చెప్పాడు. టీ చల్లారేలోపల వార్త బజారంతా తిరిగింది. ఎన్నికలో ఓడిపోయిన తిరుమలయ్య ఇంట్లో దిగులుగా ఉప్మా తింటున్నాడు. కబురు చెవిన పడగానే చెయ్యి కడుక్కుని, తెల్ల పంచె కట్టుకుని, తన అనుచరులను వెంటేసుకుని బయలుదేరాడు. ముందుజాగ్రత్తగా ఒక దండ కూడా తెచ్చుకున్నాడు.

వీటిలో ఒక్కటీ తెలియని సర్ఫరాజ్, ఇంజను ఆపించి, పెట్టెలు మాట్లాడుకునే రెండు తీగల మధ్య మీటరు పెట్టాడు. అరవై ఓములు చూపాల్సిన ముల్లు అడుగుకంటా పడిపోయింది; దారిలో ఎక్కడో వేరే ఏదో కలిసిందన్నమాట. ఒక్కొక్క పెట్టెనూ విడదీసి చూశాడు. ఏది తీసినా అంతే. ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటుకుంది. అంతలో ముబీనా ఫోను.

"ఏమి చెప్పినావు నువ్వు ఆడ? రాఘవేంద్రప్రసాద్ సారును తీసేసినారని నువ్వే చెప్పినావంట. ఆ సారు ఊరి బయటే కారాపుకొని కడపకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండాడంట. మా తమ్ముడు ఆయన గోడౌన్‌లోనే కదా పనిచేసేది? వాని గతేమి?"

"నేనా? నాకేం తెలుసు ఆ సంగతి? పొద్దున్నించి ఈ బండితోనే కొట్టుకుంటాండా."

"పైనోళ్లకూ కిందోళ్లకూ సంబంధం తెగిందని అన్లేదా?"

సర్ఫరాజ్ తల బయటికి పెట్టి చూస్తే, సరిగ్గా బకెట్టు కింద కుర్చీ వేయించుకుని, దాని మీదికెక్కి తిరుమలయ్య ఉపన్యాసం మొదలుపెట్టి ఉన్నాడు. ధర్మం ఆలస్యంగానైనా గెలుస్తుందంటున్నాడు. తను చెప్పింది బండి సంగతేనని జనం నమ్మాలంటే ముందు బండి కదలాలి. సర్ఫరాజ్ మళ్లీ తీగల వెంట వేలు పోనిస్తూ వెతికాడు. క్యాబిన్ వెనక, పక్క తలుపు లోపల, ఆ రెండు తీగలను గీకి ఎవరో సన్నటి ఎర్ర వైరు చుట్టారు. ఆ వైరు బండి చెయ్యి పొడవునా పాకి బకెట్టు దాకా పోయింది.

"ఇదేందప్పా ఓబుళేశూ?"

"అదా? సీరియల్ బల్బులు. స్వాగతం అని ఎలగాల. ఆ తీగల్లో కరెంటుంటాదని చుట్టినా. బకెట్టు ఎత్తినాక స్విచ్చి ఏస్తి. ఎలగనేలేదు."

"ఆ స్విచ్చి ఏసినాకనే కదా బండి నిలిచింది?"

"అవునప్పా. నువ్వు అడగలేదు కదా," అన్నాడు ఓబుళేశు.

అడగాల్సిన మొదటి మాట సర్ఫరాజ్ అడగలేదన్నది నిజమే. వైరు కత్తిరించి, తీగలకు టేపు చుట్టి, పెట్టెలన్నీ తిరిగి తగిలించాడు. మీటరు అరవై చూపింది. ఇంజను వేయగానే తెర మీద ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. పోయిన ప్రాణం లేచొచ్చిన ఆనందంలో, బకెట్టు కింద ఎవరున్నారో మరిచి, ఓబుళేశుతో అన్నాడు, "యాదో ఒక మీట లాగి చూడప్పా."

ఓబుళేశు పైకెక్కి చేతికి అందిన మీట లాగాడు.

బంతిపూలు జలపాతంలా దిగాయి. ధర్మం దగ్గర ఆగిన తిరుమలయ్య నోట్లోకి, జేబులోకి, కళ్లద్దాల వెనక్కి పూలు పోయాయి. పూలు పడగానే వాయించాలన్నది బ్యాండువాళ్లకు ముందే అందిన ఆజ్ఞ కాబట్టి, ఎవరి మీద పడ్డాయో చూడకుండా వాయించేశారు. జనం చప్పట్లు కొట్టారు. తిరుమలయ్య కుర్చీ మీద అట్లాగే నిలబడిపోయాడు. అరవై ఏళ్ల బతుకులో ఆయన మీద ఎవరూ గుప్పెడు పూలు చల్లింది లేదు. ఉపన్యాసం మరిచిపోయి, కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే ఒక ఆటో జనంలో ఇరుక్కుని ఆగింది. అందులోంచి రాఘవేంద్రప్రసాద్ దిగాడు. పదవి పదిలంగానే ఉందని కడప వాళ్లు చెప్పాక, కారునూ ఊరేగింపునూ ఊరి బయటే వదిలేసి గుట్టుగా ఇంటికి పోతున్నాడు. సర్ఫరాజ్ ఎదురెళ్లి చేతులు జోడించాడు.

"తప్పు నాదే సార్. నేను చెప్పింది బండి సంగతి. జనం మీ సంగతి అనుకున్నారు. మీ పూలన్నీ ఆయన మీద పడిపాయ."

రాఘవేంద్రప్రసాద్ ఖాళీ బకెట్టును చూసి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించినావప్పా. నాకు బంతిపూలంటే తుమ్ములు. అంత పెద్ద బకెట్టు నెత్తిన పడతాదని రాత్రంతా నిద్ర ల్యా."

తిరుమలయ్య కుర్చీ దిగి వచ్చాడు. తనకని తెచ్చుకున్న దండను రాఘవేంద్రప్రసాద్ మెడలో వేశాడు. అది మల్లెపూలది కావడంతో ఎవరూ తుమ్మలేదు. ఇద్దరూ ఒకే ఆటోలో కాఫీకి పోయారు.

మరునాడు పేపర్లో పూలవాన ఫోటో పెద్దగా వచ్చింది. పూలలో తడిసి కళ్లు తుడుచుకుంటున్న తిరుమలయ్య కింద, రాఘవేంద్రప్రసాద్‌కు ఘనస్వాగతం అని రాశారు.