అంబదాస్ చివరిదాకా వెళ్లిన వైనం

మగ్గాలపేటలో మనిషిని పని మొదలుపెట్టక ముందే సన్మానిస్తారు. అది మా పట్టణపు మర్యాద. పని అయ్యేదాకా ఆగుదామంటే పూలు వాడిపోతాయి, ఫొటోగ్రాఫర్ ఇంకో పెళ్లికి వెళ్లిపోతాడు, ముఖ్య అతిథికి పదవి ఊడిపోవచ్చు. అయినా పని అవుతుందన్న భరోసా ఏముంది? ముందే శాలువా కప్పేస్తే ఇరుపక్షాలకూ నిశ్చింత. ఈ పద్ధతిని నమ్ముకునే మేము ఒక కొత్త బస్టాండు, ఒక ఈతకొలను, కార్మికులకు ఒక దవాఖానా సాధించుకున్నాం. వాటి శిలాఫలకాలు చూడముచ్చటగా ఉంటాయి. మెట్‌పల్లిలో బస్సెక్కి ఆదిలాబాద్ వైపు వస్తూ ఉంటే రోడ్డుకు ఎడమపక్కన వరుసగా కనిపిస్తాయి. భవనాలు అడ్డం లేవు కాబట్టి బాగా కనిపిస్తాయి.

ఇలాంటి పట్టణంలో పవర్‌లూమ్ కార్మికుడు అంబదాస్ పుట్టడం యాదృచ్ఛికం కాదు. నలభై రెండేళ్ల జీవితంలో అతను ఏ పనినీ పూర్తి చేసి ఎరుగడు. ఇంటర్ రెండో ఏడు మధ్యలో మానేశాడు. కుట్టుపని నేర్చుకుంటూ చొక్కా చేతుల దగ్గర ఆపేశాడు. ఆ చేతుల్లేని చొక్కా ఇంకా దండెం మీద ఉంది. దుబాయి పోతానని ముంబైదాకా పోయి తిరిగొచ్చాడు. ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తానని మెట్లు కట్టించాడు, అంతస్తు మరిచిపోయాడు. ఎక్కడికీ పోని ఆ మెట్ల మీద అతని భార్య బాలలక్ష్మి ఏటా మిరపకాయలు ఎండబెడుతుంది. బీడీలు చుట్టే చేతులు ఆపకుండానే వచ్చినవాళ్లందరికీ ఆ మెట్లు చూపించి నవ్వుతుంది. అంబదాస్ కూడా నవ్వేవాడు. కానీ లోపల అతనికి చాలా సిగ్గుగా ఉండేది. చచ్చేలోగా ఒక్కటంటే ఒక్క పనిని కొసదాకా చూడాలని ఎవరికీ చెప్పుకోలేని ఆశ ఉండేది.

అలాంటి సమయంలో బామ్మర్ది శ్యాంసుందర్ దుబాయి నుంచి వచ్చాడు. దుప్పట్లు, అత్తరు, నొప్పుల మందులతో పాటు అక్కడ ఎవరో వదిలేసిన ఒక రేస్ సైకిల్‌ను కూడా డబ్బాలో కట్టి తెచ్చాడు. సెల్‌ఫోన్‌లో ఒక పోటీ వీడియో చూపించాడు. దాని పేరు ట్రయాథ్లాన్. మూడు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు ఈదాలి, నూట ఎనభై కిలోమీటర్లు సైకిల్ తొక్కాలి, ఆ తర్వాత నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తాలి. అన్నీ ఒక్క రోజులో.

"ఎవలన్న తరుముతరా?" అని అడిగింది బాలలక్ష్మి.

"ఎవలు తరమరక్కా. ఆళ్లే ఉరుకుతరు."

"పాపం, ఇంట్ల చెప్పేటోళ్లు లేనట్టున్నది."

అంబదాస్ మాత్రం వీడియోలో చివరి గీత దాటుతున్న బట్టతల మనిషిని పదేపదే చూశాడు. ఆ మనిషి ఏడుస్తున్నాడు. పూర్తి చేస్తే ఏడుపొస్తుందన్న సంగతి అంబదాస్‌కు అప్పటిదాకా తెలియదు.

ఆ వారమే చేనేత సంఘం వార్షికోత్సవం జరిగింది. మైకు వచ్చింది, పూలదండ వచ్చింది, ముఖ్య అతిథి మాత్రం రాలేదు. తెచ్చిన శాలువాను తిరిగి తీసుకుపోవడం మగ్గాలపేటలో అపశకునం. సంఘం అధ్యక్షుడు భానుప్రసాద్ సభను ఒకసారి కలయజూశాడు. వెనక వరుసలో వంకర హ్యాండిల్ సైకిల్ పట్టుకుని నిలబడ్డ అంబదాస్ కనిపించాడు. "గా సైకిల్ ఏంది?" అని అడిగాడు. ఆ పోటీకి పోవాలని ఉందని అంబదాస్ నోరు జారి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పాక నాలుక కరుచుకున్నాడు కానీ అప్పటికే దండ మెడలో ఉంది.

"సభాసదులారా!" అన్నాడు భానుప్రసాద్. ఆయన మాట్లాడితే మైకు కూడా కాస్త వెనక్కి వంగుతుంది. "మన ముద్దుబిడ్డ అంబదాస్ సముద్రాన్ని ఈదనున్నారు. ఈదినట్టే! సైకిల్‌పై వందల మైళ్లు తొక్కనున్నారు. తొక్కినట్టే! ఆపై పరుగు తీయనున్నారు. తీసినట్టే! ఈ మహత్తర విజయానికి నేను వ్యక్తిగతంగా గర్విస్తున్నాను."

చప్పట్లు మార్మోగాయి. విజయం అంతటితో అధికారికంగా పూర్తయింది. అంబదాస్ ఒక్కడే ఇంకా ఏదో మిగిలి ఉందనుకున్నాడు.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. మగ్గాలపేటలో తెల్లవారుజామున మనిషి పరుగెత్తాడంటే ఒకటే అర్థం. "ఎవలు పోయిండ్రు అంబదాసూ?" అంటూ ఆడవాళ్లు వాకిళ్లలోంచి కేకలేశారు. ఎవరూ పోలేదంటే నమ్మలేదు. ముగ్గురైతే తలుపులకు తాళమేసి వెంట నడిచారు. బండి మీద పోయే ప్రతి తెలిసినవాడూ ఆగి "ఎక్కన్నా, దింపుత" అన్నాడు. వద్దంటే నొచ్చుకున్నాడు. ఒక ఆటోడ్రైవర్ బలవంతంగా రెక్క పట్టి ఎక్కించుకుని, పరుగు ముగియాల్సిన చోటే దింపి, "గంత కష్టమేంది, నేను లేనా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంత ప్రేమ ఉన్న ఊళ్లో వ్యాయామం సాధ్యం కాదు.

ఈతకొలను శిలాఫలకం పక్కన నీళ్లు లేనందున అంబదాస్ బామ్మర్ది పొలంలోని బావిలో ఈదాడు. గుండ్రటి బావి. ఒడ్డు తగిలినప్పుడల్లా ఎడమకు తిరిగేవాడు. రోజూ గానుగెద్దులా తిరిగీ తిరిగీ ఎడమకు తప్ప ఈదడం రాని స్థితికి చేరుకున్నాడు.

ఇక సైకిల్. వెల్డింగ్ షాపు సాయిచంద్ దాన్ని చూసి నిర్ఘాంతపోయాడు. "స్టాండ్ లేదు, క్యారియర్ లేదు, గంట లేదు, మడ్‌గార్డ్ లేదు. నిన్ను మస్తు మోసం జేసిండ్రన్నా!" అన్నాడు. మనిషి మంచివాడు. అంబదాస్ చాయ్ తాగి వచ్చేలోపు నాలుగూ బిగించేశాడు. బియ్యం బస్తా పెట్టినా చెక్కుచెదరని క్యారియర్. గాలి కంటే తేలిగ్గా ఉండాలని ఎవరో మహానుభావులు ఏళ్ల తరబడి శ్రమించి చేసిన ఆ సైకిల్‌ను లేపడానికి ఇప్పుడు ఇద్దరు కావాలి.

నడుమ నడుమ సన్మానాలు. వర్తక సంఘం సన్మానించింది. విశ్రాంత ఉద్యోగుల సంఘం సన్మానించింది. రోజూ పార్కు బెంచీ మీద కూర్చుని నడక గొప్పదనం గురించి మాట్లాడుకునే వాకర్ల సంఘం ప్రత్యేకంగా సన్మానించింది. ప్రతిచోటా మైసూర్‌పాకు, జిలేబీ, మిర్చిబజ్జీ. తినకపోతే సంఘానికి అవమానం. క్రీడాకారుడిగా పేరు పెరిగేకొద్దీ అంబదాస్ పొట్ట కూడా పెరిగింది. సాధనకు పొద్దుటి పూటలు మాత్రమే మిగిలాయి, సాయంత్రాలన్నీ శాలువాలకే పోయాయి.

శ్యాంసుందర్ సెల్‌ఫోన్‌లోనే అతని పేరు ఎక్కించిన పోటీ దగ్గర పడింది. ఒకరోజు సైకిల్ తొక్కుతూ అంబదాస్ హఠాత్తుగా ఆగిపోయాడు.  ముంబై పోయినప్పుడు కూడా స్టేషన్ నుంచే తిరిగొచ్చాడు కాబట్టి సముద్రం అతను జన్మలో చూడలేదు. నీళ్లలో పోతే బాలలక్ష్మి గతి ఏమిటి? పోకుండా మధ్యలో ఆగిపోతే ఈ ముఖం ఎవరికి చూపించాలి? సైకిల్ నేరుగా భానుప్రసాద్ ఇంటికి తిప్పాడు.

"సారూ, నాతోని కాదు. జర అందరికి మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఆయన కోప్పడతాడని అంబదాస్ అనుకున్నాడు. ఆయన హాయిగా నవ్వాడు.

"పిచ్చోడా, గింతదానికి పరేషాన్ అయితున్నవా? నిన్ను పొమ్మన్నదెవలు?"

"మరి గిన్ని శాలువాలు..."

"కప్పినం గదా, అయిపాయె. పోతవనుకుంటే కప్పుతుంటిమా? గీ సంఘంల ఇన్నేండ్లున్న, నాకు మనిషి ఎరుకలేడా? కొసదాకా పోయే మొకమేనా నీది? ఫికర్ జెయ్యకు, నెల తిరిగితే ఎవలకు యాదుండది."

ఆయన ప్రేమగా భుజం తట్టి చాయ్ కూడా ఇప్పించాడు. అంబదాస్‌కు ఆ చాయ్ మింగుడు పడలేదు. అంటే ఊరు తనను నమ్మి దండ వేయలేదన్నమాట. వీడు ఎలాగూ చేయడన్న గట్టి నమ్మకంతో వేసింది. అతనికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఇంటికి వచ్చి బాలలక్ష్మికి చెప్పాడు. ఆమె మొదటిసారి చేతిలో బీడీ ఆకు పక్కన పెట్టింది.

"సగంల ఇడిసిపెట్టుడు నీకెట్లనో ఎరుకే. గది చూసి చూసి నాకు ఇసుగొచ్చింది. జర కొత్తది ఏదన్న చెయ్యరాదు? ఉరుకుడు రాకుంటే నడువు. నడుసుడు రాకుంటే పాకు. కని, గడప తొక్కితే పని అయినంకనే తొక్కు."

"సచ్చిపోతనేమోనే."

"సావవు. అది సుత నడుమల్నే ఇడిసిపెట్టి వస్తవు" అంది. ఇద్దరూ చాలాసేపు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు తర్వాత అతనికి భయం పోయిందని చెప్పలేం కానీ, భయపడుతూనే రైలు టికెట్ తీయించుకున్నాడు.

పోటీ ఎక్కడో పడమటి సముద్రం ఒడ్డున జరిగింది. అంబదాస్ నీళ్లలోకి దూకి, అలవాటు ప్రకారం ఎడమకు తిరిగాడు. అందరూ ముందుకు పోతుంటే తనొక్కడే గుండ్రంగా తిరుగుతూ బయలుదేరిన చోటికే వచ్చాడు. పడవలో ఉన్న కాపలాదారు కేకలేసి దారి చూపించాడు. మళ్లీ ఎడమకు తిరిగాడు. చివరికి ఆ పడవే అతనికి ఎడమపక్కన గోడలా నడిచింది. పోటీ పెట్టినవాళ్లు అనుకున్న దూరం కంటే చాలా ఎక్కువ ఈది, గడువు ముగిసే ముందు ఉప్పునీళ్లు కక్కుకుంటూ ఒడ్డున పడ్డాడు. సైకిళ్ల దగ్గర జనం అతని క్యారియర్‌ను ఫొటోలు తీసుకున్నారు. ఒక విదేశీయుడు గంట మోగించి చూసి మురిసిపోయాడు. అంబదాస్ కొండల మీద ఆ ఇనుమునంతా మోసుకుంటూ, సాయిచంద్‌ను తిడుతూ తొక్కాడు. తిట్లు అయిపోయాక సన్మానించిన సంఘాలను వరుసగా తిట్టుకుంటూ తొక్కాడు. సంఘాలు చాలా ఉండబట్టి దారి గడిచింది.

పరుగులో కాళ్లు మొరాయించాయి. ఉరికాడు, నడిచాడు, ఒకచోట కూలబడ్డాడు. ఊళ్లో అయితే ఎవరో ఒకరు బండి ఆపి ఎక్కమనేవారు. ఇక్కడ ఎవరూ ఎక్కమనలేదు. "కొసదాకా పోయే మొకమేనా నీది?" అన్న మాట చెవిలో మోగింది. లేచాడు. షెడ్డులో మగ్గానికీ మగ్గానికీ మధ్య ఇరవై ఏళ్లుగా నడుస్తున్న నడకే ఇదీ అనుకున్నాడు. నడిచాడు. గీత దాటాడు. ఎవరో పతకం మెడలో వేశారు.

"ఇగ ఏం లేదా?" అని అడిగాడు తెలుగులో. వాళ్లకు అర్థం కాక నవ్వారు. నిజంగానే ఇంకేమీ లేదు. ఆ బట్టతల మనిషిలాగే గట్టిగా ఏడ్చి, ఇంటికి ఫోన్ చేశాడు.

"అయిపోయిందే."

"ఏంది, పైసలా?"

"కాదు. పని."

 అవతల బాలలక్ష్మి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

ఈ దుర్వార్త మగ్గాలపేటను కుదిపేసింది. అంబదాస్ రైలు దిగేలోపే హోటళ్ల దగ్గర జనం అనరాని మాటలు అనసాగారు. "గా అంబదాసే కొస ముట్టిచ్చిండు, మరి బస్టాండు ఏమాయె?" అని ఒకడు. "దవాఖానా సంగతేంది?" అని ఇంకొకడు. ఎన్నడూ నోరెత్తని ఒక ముసలవ్వ శిలాఫలకం ముందు నిలబడి, ఇది ఎప్పుడు కడతారని బాటసారులను అడగడం మొదలుపెట్టింది. శాంతిభద్రతలు చేజారుతున్న సూచనలు కనిపించడంతో సంఘాలన్నీ అత్యవసరంగా సమావేశమయ్యాయి. ఎన్నడూ సమయానికి మొదలుకాని సమావేశం ఆ రోజు సమయానికే మొదలైందంటే పరిస్థితి తీవ్రత ఊహించుకోవచ్చు.

సమావేశం ముగియగానే భానుప్రసాద్ పెద్దలను వెంటబెట్టుకుని అంబదాస్ ఇంటికి వచ్చాడు.

"తమ్మీ, ఊరి మంచి కోరి అడుగుతున్న" అన్నాడు. "జర మూడడుగులు మిగిలినయని చెప్పు. గంతే. కాలు పట్టేసిందని చెప్పు. ఇప్పటిదాకా ఎవలకూ చెయ్యనంత పెద్ద సన్మానం చేస్త. గుర్రం బండి మీద ఊరేగిస్త."

అంబదాస్ పెద్దల వంక చూశాడు. అందరూ చేతులు కట్టుకుని ఉన్నారు.

"ఇన్నేండ్లు సగంల ఆపినప్పుడు ఒక్కలన్న గుర్రం బండి తేలే గద సారూ. నేను చెప్ప."

"అయిపోయినదాన్ని మళ్ల సగం చేసుడు మాకు రాదు సారూ" అంది బాలలక్ష్మి. "మీకు వస్తే చేసుకోండ్రి."

పెద్దలకు వచ్చు. వారం తిరగకుండా సంఘం ఒక తీర్మానం చేసింది. లోతుగా విచారించగా అంబదాస్ తాత హుస్నాబాద్ నుంచి వలస వచ్చినట్టు తేలిందనీ, కావున సదరు అంబదాస్ అసలు మగ్గాలపేటవాడు కాడనీ, పని పూర్తిచేసే అలవాటు ఈ నేలలో పుట్టినది కాదనీ, ప్రజలు ఆందోళన చెందవలదనీ అందులో స్పష్టం చేశారు. జనం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. అదే సభలో, హిమాలయాలు ఎక్కాలన్న ఆలోచన తనకు రావచ్చని ప్రకటించిన హనుమండ్లు అనే యువకుణ్ని ఘనంగా సత్కరించారు. ఆయన బాగా లావుగా ఉండడం చూసి పెద్దలకు ధైర్యం వచ్చింది.

అంబదాస్ మర్నాడు కూడా పొద్దున్నే పరుగెత్తాడు. ఇప్పుడెవరూ బండి ఆపడం లేదు, ఊరు బయటివాడు కదా. సాధన మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది.

ఇంతదాకా చదివిన మీరు, ఏదైతే అదైంది, రేపటి నుంచి నేనూ పొద్దున్నే లేచి నాలుగడుగులు ఉరకాలని ఇందాకే గట్టిగా నిర్ణయించుకున్నారు. మాకు తెలుసు. మీ విజయానికి హృదయపూర్వక అభినందనలు. అలారం తీసేసి హాయిగా పడుకోండి.