జీతం లేని కాపలా

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోగా తన పట్టుచీరల అంగట్లో కంప్యూటర్ల నత్తనడక మాన్పించాలని ఆ ఉదయం హరినాథ్ అనుకున్నాడు. ధర్మవరంలో పెళ్లివారు చీర కోసం గంటసేపైనా కూర్చుంటారు కానీ, బిల్లు కోసం రెండు నిమిషాలు నిలబడరు. అందుకే అంగడి ప్రోగ్రాం రాసిన ప్రణీత్‌ను అనంతపురం నుంచి పిలిపించాడు.

"ఒక్కో స్క్రీనూ విప్పే పనిలేదన్నా. డేటాబేసుకు పోయే దారిలోనే ట్రేసింగ్ పెడతా. ఎవరడిగినారు, ఏమడిగినారు, ఎంతసేపు పట్టింది, అంతా అదే రాసుకుంటాది."

జీతం, టీ అడగని కాపలా. బేరం బాగుందనిపించింది హరినాథ్‌కు.

మరుసటి రోజు రాత్రి అంగడి మూసే వేళకు జాబితా వచ్చింది. కొత్త డిజైన్ల బొమ్మలను ఆ ఒక్కరోజులో ఐదువేల నూట నలభైసార్లు అడిగినట్టు సోమప్ప పేరు ఉంది. ఇరవై రెండేళ్లుగా మగ్గాలవాళ్లతో చీరలు నేయించి తెస్తున్న మనిషి. పోయిన వారమే కొత్త నెమలి అంచు ఎదురంగట్లో ప్రత్యక్షమైంది. హరినాథ్ రెండూ కలిపి చూసుకున్నాడు. నత్తనడక సంగతి మరిచిపోయాడు.

"మనిషి అన్నిసార్లు నొక్కలేడన్నా. రేపు చూస్తా, ఉండండి" అన్నాడు ప్రణీత్.

"చూసేదేముండాదప్పా? పేరు రాసుండాది కదా!"

సోమప్పను పిలిపించాడు.

"నేనా? నాకు ఆ అక్షరాలే ఆనవు కదప్పా."

"మిషను అబద్ధం చెప్పదు సోమప్పా."

"అయితే దాంతోనే నేయించుకో." సోమప్ప చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు ఒక్క కంప్యూటరూ తెరుచుకోలేదు.

"అన్నీ సోమప్పన్న వేలిముద్రతోనే తెరిసేది కదన్నా," అంది కౌంటర్‌లోని పద్మజ. "ఆయప్ప చేతి బోణీ మంచిదని, పొద్దున్నే ఆయప్ప పేరుతోనే అన్నీ తెరవాలని మీరే అంటిరి."

హరినాథ్ ప్రణీత్ వైపు తిరిగాడు. "అంటే అందరి పనీ ఆయప్ప పేరునే పడిందా? మరి ఆ బొమ్మలు చూసిందెవరు?"

ప్రణీత్ జాబితాలో మిషను నంబరు చూసి, గుమ్మం దగ్గరి పెద్ద తెరవైపు చెయ్యి చూపించాడు. "అదే. రోడ్డుమీది జనానికి కనపడాలని, ఏడు సెకండ్లకో కొత్త డిజైను మారాలని మీరే పెట్టించినారు. మారినప్పుడల్లా డేటాబేసును అడుగుతాంది. పది గంటలకు లెక్కేసుకోండి."

హరినాథ్ లెక్క వేయలేదు. ఆ తెరకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంగడిని చూశాడు. తర్వాత స్కూటర్ మీద సోమప్ప ఇంటికి దూసుకెళ్లాడు.

గడపలోనే సోమప్ప భార్య తిప్పమ్మ నిలబడింది. "ఎదురంగడోళ్లు ఆటో పంపించినారప్పా. బోణీకి పోయినాడు. మగ్గాలోళ్లు గూడా ఎంటబోయిరి."

ప్రణీత్ వేరే పేర్లతో తెరిచి ఇచ్చాక, ఆ శ్రావణమంతా హరినాథ్ అంగట్లో కంప్యూటర్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తాయి; వాటిని ఏదైనా అడిగేవాళ్లే రాలేదు.