కేంద్రం తప్పిన అయిదు రూపాయలు

గుండ్రంగా ఉన్న ప్రతి వస్తువుకూ మధ్య అనేది ఒకటి ఉంటుంది. ఆ మధ్య ఎక్కడుందో తేల్చి చెప్పే అధికారం మాత్రం ఈ దీవుల్లోని డెలానీపూర్‌లో, ఒక మేడ మీద, సోమ బుధ శుక్రవారాల్లో, పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఉంటుంది. ఆ కార్యాలయం పేరు నాణెముల ముద్రణ దోష నిర్ధారణ ఉపవిభాగం. ఇది ఉపవిభాగమైతే అసలు విభాగం ఎక్కడుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. (ఓడలో వస్తోందని వినికిడి.)

అలాంటి కార్యాలయంతో తనకు పని పడుతుందని మంజు కలలో కూడా అనుకోలేదు. ఆమె కలలన్నీ ఈమధ్య పైడిబాబు గురించే. పెళ్లయి పదహారు రోజులే అయింది మరి.

ఆ పదహారో రోజునే ప్రోతరాపూర్ ఇంట్లో అత్తగారు గురువమ్మ, పెళ్లినాటి నుంచి మడతపెట్టి దాచిన కొంగుముడి విప్పింది. పసుపు కొమ్ము, వక్క, నాలుగు అక్షింతలు రాలాయి. వాటితోపాటు, పెళ్లి హడావుడిలో ఎవరో పంతులుగారి చేతిలో పెట్టిన అయిదు రూపాయల నాణెం కూడా. దాని మీద బొమ్మ ఒక పక్కకు జరిగిపోయి, కొంత అంచు దాటి ఎక్కడికో వెళ్లిపోయింది. అవతలి అంచున నెలవంకంత మేర ఏమీ లేకుండా నున్నగా మెరుస్తోంది.

"ఓలమ్మో! ముద్దర పక్కకి జారిపోనాది! కాపరం కూడా ఇలాగే జారిపోద్ది," అంది గురువమ్మ. "సుక్రోరం సాయంత్రం హోప్ టౌన్ జెట్టీ కాడ గంగమ్మ తల్లికి ఇచ్చెయ్యాల."

"అమ్మా, అది సిక్కాయే, గండం కాదు," అన్నాడు పైడిబాబు.

"నోర్ముయ్‌రా. పెళ్లిలో కొంగుముడి ఇలాటి దాన్తో ఏసేరు, నువ్వు సూసుకోనేదు."

మంజుకు ఆ నాణెం చూస్తే ప్రాణం లేచొచ్చింది. కొత్త కాపురంలో కుక్కరు కొత్తదే, దుప్పట్లు కొత్తవే, ఒకరి గురక ఒకరికి కొత్తే. కానీ అవన్నీ అందరిళ్లలోనూ ఉండేవే. ఇలాంటి నాణెం ఇంకే జంటకు ఉంటుంది? అది సముద్రంలోకి వెళ్లడానికి వీల్లేదు.

రెండు రోజులు ఫోన్లో వీడియోలు చూసి ఆమె పండితురాలైంది. "ఇది మన తప్పు కాదత్తయ్యా. అచ్చు పడే టైముకి రేకు సరిగ్గా కూర్చోలేదు, అందుకే బొమ్మా జరిగింది, బొరుసూ జరిగింది. ఎవరైనా తర్వాత అరగదీస్తే గీతలుంటాయి. దీనికి ఒక్క గీత లేదు, చూడండి. టంకశాలలోనే ఇలా పుట్టింది."

"ఫోన్లో ఏటైనా సెప్తారు. సర్కారోడు కాయితం మీద ముద్దరేసి ఇస్తే నమ్ముతాను."

(మూడు తరాలుగా ఈ దీవుల్లో ఉంటున్న కుటుంబం. తాము ఈ దీవులవాళ్లమేనన్న సంగతి కూడా సర్కారిచ్చిన కార్డు తీసి చూసుకుంటే తప్ప వాళ్లకు నమ్మకం కుదరదు.)

బుధవారం మంజు బస్సెక్కి డెలానీపూర్ వెళ్లింది. నిర్ధారణాధికారి గోపినాథ్ సౌమ్యుడు. ఏడో నంబరు ఫారం ఇచ్చాడు. అందులో ప్రశ్నలు కూడా సౌమ్యమైనవే. దోషం బొమ్మ వైపా, బొరుసు వైపా? (రెండూ అయితే రెండు ఫారాలు నింపవలెను.) దోషం జరిగిన సమయంలో దరఖాస్తుదారు ఎక్కడ ఉన్నారు? సదరు నాణెం గతంలో ఎప్పుడైనా ఇలా ప్రవర్తించిందా?

చివర 'దోష వివరణ' అని రెండు గీతల చోటు ఉంది. వీడియోలో దీన్ని 'సెంటర్ తప్పడం' అన్నారు. సర్కారు కాగితం మీద ఇంగ్లీషు ముక్క బాగుండదని, పదో తరగతి దాకా చదివిన తెలుగంతా కూడగట్టుకుని, మంజు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: 'కేంద్రం తప్పింది.'

గోపినాథ్ తెలుగు మాట్లాడినంత వేగంగా చదవలేడు. "కేం... ద్రం... త... ప్పిం..." అని ఆగి, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"దీదీ, యే క్యా లిఖ్ దియా? కేంద్రం తప్పు చేసిందా?"

"చేసిందనలేదు భయ్యా. తప్పింది అన్నాను."

"అదే కదా! మనది కేంద్రపాలిత ప్రాంతం. ఈ కుర్చీ కేంద్రం, ఆ ఫ్యాను కేంద్రం, నా జీతం కేంద్రం. కేంద్రమే తప్పిపోతే ఇంకేటి మిగిల్తాది?"

"అయ్యో, ఆ కేంద్రం కాదు. నాణేనికి మధ్య!"

"మధ్య అని రాయాల్సింది. ఇంకుతో రాసేసేరు. ఇప్పుడు కొట్టేస్తే కేంద్రాన్ని కొట్టేసినట్టుంటాది."

"అయితే కొత్త ఫారం ఇవ్వండి."

"ఒక నాణేనికి ఒకటే ఫారం దీదీ."

"బొరుసుకి ఇంకోటి ఉందిగా?"

"దాని మీద బొరుసు గురించే రాయాల."

నాణెం జమ చేసుకుని రసీదు ఇచ్చాడు. ఫైలు ఆ రోజే కదిలింది. (చరిత్రలో అదొక్కటే కదిలిన ఫైలు. కేంద్రం అన్న మాట ఉంది గనక.) కేంద్రం తప్పడం సాధ్యమేనా అన్నది మొదటి ప్రశ్న. సాధ్యం కాదని అందరూ నిలబడి అంగీకరించారు. కేంద్రం ఎక్కడ ఉంటే అదే మధ్య గనక బొమ్మ సరైన చోటే ఉంది. మరి ఆ పక్కన మిగిలిన ఖాళీ నెలవంక? అది ఆక్రమణ అవుతుందేమోనని సర్వేయరును పిలిపించి టేపుతో కొలిపించారు. మూడు మిల్లీమీటర్లు. అంత చిన్న ఆక్రమణను క్రమబద్ధీకరించవచ్చని రాశారు.

శుక్రవారం పన్నెండింటికి గోపినాథ్ చిరునవ్వుతో కాగితం అందించాడు. గుండ్రటి ముద్ర, రెండు సంతకాలు.

"పక్కా సర్టిఫికెట్ దీదీ. మీ నాణెంలో ఏ దోషమూ లేదు."

దాంతోపాటు ఒక అయిదు రూపాయల నాణెం కూడా ఇచ్చాడు. బొమ్మ నడిమధ్యన ఉంది. మంజు అటూ ఇటూ తిప్పింది.

"ఇది నాది కాదు భయ్యా."

"మంచి నాణేలన్నీ ఒకటే కదా. దోషం ఉంటే కవర్లో పెట్టి సీలేసేవాళ్లం. లేదని తేలింది, గల్లాపెట్టెలో కలిపేసేం."

"గల్లాపెట్టె చూపించండి!"

"అందులో లేదు. పొద్దున్న టీకి చిల్లర తక్కువైతే ఇచ్చేను."

మంజు మెట్లు రెండేసి దిగింది. కింద టీ కొట్టు ధనరాజు చేతులు ఊపాడు. "ఆ టేఢా సిక్కానా, ఆ వంకరదా? అలాంటిది నా దగ్గరెందుకు ఉంచుకుంటాను దీదీ? బస్సు కండక్టరుకి అంటగట్టేసేను. ఏ బస్సంటే ఏటి సెప్తాను?"

ఆమె ఫోన్ చేస్తే పైడిబాబు ముందు నవ్వాడు. అవతల ఏడుపు వినపడి నవ్వు ఆపాడు. "ఏడవకు మంజూ. రేపటి నుంచి అన్ని బస్సులూ ఎక్కుతాను. ప్రతి కండక్టరుకీ పెద్ద నోటిచ్చి చిల్లర తీసుకుంటాను. తిట్టనీ."

"అత్తయ్యతో ఏం చెప్పాలి?"

"వాళ్లిచ్చిన నాణెమూ కాగితమూ చూపించు. సర్కారోడు కాపరం సరిచేసి ఇచ్చేడని వాడంతా చాటుతాది."

మంజు కళ్లు తుడుచుకుని మళ్లీ మేడెక్కింది. నాణెం దొరికితే అది తనదేనని చెప్పే కాగితం ఉండాలి కదా. గోపినాథ్ ఎంతో సానుభూతితో పదకొండో నంబరు ఫారం తీసిచ్చాడు. 'పోయిన నాణెము కొరకు దరఖాస్తు.' ఈసారి ఆమె జాగ్రత్తగా, అక్షరం అక్షరం చదువుకుంటూ అడుగుదాకా వచ్చింది.

జతపరచవలసినవి: పోయిన నాణెము (అసలుది), ఒకటి.