దిద్దే ప్రోటీన్ లేని వరి

హునాన్‌లోని ఒక వరి పరిశోధన కేంద్రంలో, రాష్ట్ర పెద్దనాయకుడి రాకను పురస్కరించుకుని, తెల్లబడిన మొక్కలన్నీ తెల్లవారేసరికి పచ్చబడవలసిందిగా ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వును మొక్కలకు చదివి వినిపించారు కూడా. అవి ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

అభ్యంతరం క్వాంగ్ సూజెన్‌ది. ఆ మొక్కలే ఆమె డాక్టరేటు. వరి కణంలో, ఆర్ఎన్ఏ నకలులో తప్పుపడ్డ అక్షరాలను దిద్దే ప్రోటీన్ ఒకటుంది. అది ఉంటే ఆకు పచ్చగా ఎదుగుతుంది, ఎండకూ ఉప్పుకూ ఓర్చుకుంటుంది. లేకపోతే పాలిపోతుంది. సూజెన్ దాన్ని తీసేసింది. మొక్కలు బుద్ధిగా తెల్లబడ్డాయి. ఇక నీళ్ళు ఆపి, పోలికకు పక్కనే పెంచిన మామూలు మొక్కల కంటే అవి ముందుగా చస్తాయని చూపిస్తే పట్టా చేతికొస్తుంది.

డైరెక్టర్ పూ గారు వచ్చి చూశారు.

"ఏందమ్మాయ్ ఇది? వరి మొక్కలా, చావింటి గుడ్డలా?"

"దిద్దే ప్రోటీన్ తీసేశాం డైరెక్టరు గారూ. ఆ తెలుపే రుజువు."

"నీ రుజువు నా కుర్చీకే ఎసరు పెట్టేట్టుంది. పెద్దాయన ముందు తెల్లరంగు పెడతావా? పిచికారీ పట్టుకురా!"

పక్క బల్ల యిన్ అక్క గుసగుసలాడింది: "నోర్మూసుకుని కొట్టవే. నిన్న గేటు ముందు గడ్డికి కొట్టగా మిగిలిన రంగే. మనకేం కొత్తా?"

కొట్టారు. పెద్దనాయకుడు వచ్చాడు. వెనక గొడుగు పట్టేవాడు, ఆ వెనక తలలూపేవాళ్ళు. అప్పటికే నీళ్ళు ఆపేయడంతో, ప్రోటీన్ ఉన్న మామూలు మొక్కలు కాస్త తలవాల్చాయి. లేనివి నిగనిగలాడుతున్నాయి.

"ఏది మేలురకం?" సూజెన్‌నే అడిగాడు.

పూ గారు దగ్గారు. సూజెన్ తను పడ్డ చాకిరీ అంతా దిగమింగి, "పచ్చనిదేనండీ" అంది.

"కామ్రేడ్లారా!" అన్నాడు పెద్దనాయకుడు, మొక్కల ముందున్న చీటీలు చదివి. "దిద్దేవాడున్నచోట వాడిపోవడం, లేనిచోట వికాసం! పొద్దస్తమానం తప్పులెంచేవాడు నెత్తిన కూర్చుంటే ఏ మొక్క ఎదుగుతుంది?"

చప్పట్ల అదురుకు ఆకుల మీది రంగు కొంత రాలింది. పుప్పొడిగా నమోదు చేశారు.

దిద్దే ప్రోటీన్ అభివృద్ధి నిరోధకమని నిరూపించినందుకు సూజెన్‌కు పట్టా వచ్చింది. మొక్కలు అప్పటికే చచ్చాయి గానీ, మిగిలిన రంగు చెక్కుచెదరలేదు. ఆ రకం విత్తనాన్ని జిల్లాలకు పంచారు, సంచికొక రంగు డబ్బాతో.

కోతలకు ఒక రైతు మాత్రం గింజ రాలేదన్నాడట. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? "సొంత పొలం పచ్చగా ఉంటే ఓర్వలేనోణ్ణి నిన్నే చూశాం పోరా!" అని తరిమారు.

ఆ గుంపులో మీరూ నేనూ ఉన్నాం. గట్టిగా అరిచింది మనమే.