ఎలియెసెర్ గుమ్మం ముందు క్యూ

కూతురు యుదెయ్సికి పదిహేనేళ్లు నిండిన ఆదివారం పొద్దున్నే ఎలియెసెర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఒళ్లో తువ్వాలు పరిచి, తండ్రి నాటి రష్యా కెమెరా పైమూత విప్పడం మొదలుపెట్టాడు. మీట నొక్కితే లోపలి తెర సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఫిల్ము ఒక్క ఫోటోకే మిగిలింది. క్యూబాలో మా మతాన్సాస్ ఊరంతా గాలించినా ఇంకో రీలు దొరికే రోజులు కావవి. పైగా అద్దెకు తెచ్చిన గులాబీ గౌను మధ్యాహ్నానికి ఇంకో పదిహేనేళ్ల పిల్లకి చేరాలి. ఆ గౌనులో ఫోటో లేకపోతే మా ఊళ్లో పిల్లకి పదిహేనేళ్లు వచ్చినట్టే కాదు.

"పని తెలిసినవాళ్లకి ఇవ్వొచ్చుగా," అంది భార్య మిగ్దాలియా.

"ఇంట్లో ఇన్ని ఫోటోలు తీసిందెవరు?"

"నువ్వే. అందుకే ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు. రేపు తప్పిపోతే పోలీసులకి ఏం చూపించను?"

విప్పగలిగిన దాన్ని బిగించగలమని మా మగవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వల్లే మా ఇళ్లలో సగం ఫ్యాన్లు తిరగవు. ఎలియెసెర్ ఇంకో మర తీశాడో లేదో, బియ్యపుగింజంత స్ప్రింగు టింగుమని ఎగిరి మాయమైంది. పైసందులో వాచీలు బాగుచేసే రిగోబెర్తో దగ్గర అలాంటిది ఉంటుందేమోనని పరుగెత్తాడు. మిగ్దాలియా, పక్కింటి ఆడవాళ్లిద్దరూ గుమ్మం ముందు వంగి నేలంతా వెతకసాగారు.

అటుగా పోతున్న పెద్దాయన ఆగాడు. మాకు గుమ్మం ముందు ముగ్గురు కనిపిస్తే లోపల ఏదో ఇస్తున్నారని లెక్క. ముందు చోటు పట్టుకోవాలి, ఏమిటన్నది తర్వాత కనుక్కోవచ్చు.

"ఆఖరెవరమ్మా?" అన్నాడాయన.

"నేనే," అంది పక్కింటావిడ, తల ఎత్తకుండానే, అలవాటుకొద్దీ.

రిగోబెర్తో ఇంటికి తాళం. ఎక్కడో గుడ్లు ఇస్తున్నారని వెళ్లాడట. ఎలియెసెర్ కాసేపు కాచుకుని, విసుగొచ్చి తిరిగి వచ్చేసరికి మలుపు దాకా క్యూ. ఆ క్యూ తన గుమ్మానిదేనని బుర్రకి తట్టేలోపే నోరు తన పని తాను చేసేసింది.

"ఆఖరెవరు?"

"నేనే," అన్నాడు రిగోబెర్తో. "గుడ్లట."

"అది మా ఇల్లు. నన్ను పోనివ్వండి."

"ఇందాక ఒకాయన వాళ్ల అత్తగారిల్లన్నాడు. నిలబడు నాయనా," అంది ముందున్న ముసలావిడ.

"అక్కడ గుడ్లు లేవమ్మా."

"అయితే నూనె అయ్యుంటుంది," అన్నారెవరో. అతని వెనక ఇంకో నలుగురు చేరారు.

గౌను తొడుక్కుని యుదెయ్సి గుమ్మంలోకి వచ్చింది. ఎలియెసెర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. కెమెరా తనది, కూతురు తనది, క్యూలో చోటు మాత్రం రిగోబెర్తో వెనక.

"నీ కాలరు మడతలో ఏదో మెరుస్తోందేమిటి?" అన్నాడు రిగోబెర్తో.

స్ప్రింగు. ఇంతసేపూ అతను ఒంటిమీదే మోసుకు తిరిగింది దాన్నే. ఎలియెసెర్ ముందుకు దూకబోతే ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"వస్తువు వెళ్లొచ్చు. మనిషి వెళ్లకూడదు."

"పోనీ రిగోబెర్తో, నువ్వెళ్లి బిగించు."

"నా చోటో?"

స్ప్రింగు చేతులు మారుతూ గుమ్మం చేరింది. తండ్రి ఆ కెమెరా విప్పడం చిన్నప్పటినుంచీ చూస్తున్న యుదెయ్సి జడపిన్నుతో దాన్ని ఇరికించి, మూత బిగించి తల్లికిచ్చింది. మిగ్దాలియా రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడింది.

"వెనక్కి వెళ్లు, ఇంకాస్త వెనక్కి, గౌను మొత్తం రావాలి," అని ఎలియెసెర్ చెయ్యెత్తి అరుస్తూనే ఉన్నాడు. మీట టక్కుమంది.

ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల ముందుగదిలో ఉంది. గుమ్మంలో గులాబీ గౌనులో యుదెయ్సి నవ్వుతోంది. ఆమె పక్కనుంచి గోడవెంట క్యూ, క్యూ చివరికి దగ్గర్లో చెయ్యెత్తి నోరు తెరిచిన ఎలియెసెర్. వాళ్లింట్లో అతనున్న ఫోటో అదొక్కటే. దాన్ని అతను రోజూ తుడుస్తాడు.

వచ్చినవాళ్లు పిల్ల బాగుందంటారు, గౌను బాగుందంటారు, ఆ తర్వాత గొంతు తగ్గించి, ఆ రోజు ఏమిచ్చారని అడుగుతారు.